నల్ల బెంచి మీద తెల్ల పొట్టు: సోరియాసిస్‌కు వ్యాయామం మందా, మంటా?

నల్ల రెగ్జిన్ బెంచి మీద తెల్ల పొట్టు ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో సోరియాసిస్ ఉన్నవాళ్ళకే తెలుసు. కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరి జిమ్‌లో మొదటివారం అనుకుంటా, డంబెల్స్ దించి లేచి చూస్తే నా మోచేతులు ఆనిన చోట రెండు చిన్న కుప్పలు. కొబ్బరి తురిమాక పీట చుట్టూ రాలినట్టు. కర్చీఫ్ తీసి గబగబా తుడుస్తుంటే ట్రైనర్ కుర్రాడు వచ్చాడు. "ఏందన్నా అది, సున్నమా?" అన్నాడు. పాపం, పెచ్చులు రాలుతున్నాయేమోనని తలెత్తి పైకప్పు కూడా చూశాడు. విషయం చెప్పాను. అందరూ అడిగేదే అడిగాడు: "అంటుకుంటదా?"

అంటుకోదు. ముట్టుకున్నా, ఒకే బెంచి వాడినా, ఒకే తువ్వాలుతో తుడుచుకున్నా అంటుకోదు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. తామర అనుకుని మెడికల్ షాపు ట్యూబు రాస్తూ ఏడాది పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెబుతాను. కుర్రాడికి నమ్మకం కుదిరినట్టే ఉంది, రెండో ప్రశ్న వేశాడు. "మరి ఎక్సర్‌సైజ్ చేస్తే తగ్గుతదా, ఎక్కువైతదా?"

ఈ ప్రశ్నకు నేను పదకొండేళ్ళుగా రకరకాల జవాబులు విన్నాను. చెమట పడితే ఒంట్లో చెడంతా పోతుందని అమ్మ. "వేడి చేస్తుందిరా, ఎండలో తిరగకు, వంకాయ మానెయ్" అని పెద్దమ్మ. రన్నింగ్‌తో మొత్తం పోయిందన్న యూట్యూబ్ వీడియో పంపే ఆఫీసు మిత్రుడు. "బరువు తగ్గండి, నడవండి" అని చీటీ మీద రాసి తర్వాతి టోకెన్ పిలిచే డాక్టరు. ఎవరి మాటా పూర్తి అబద్ధం కాదు. చిక్కల్లా ఏమిటంటే ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. వ్యాయామం చేసేవాళ్ళకు సోరియాసిస్ రాకుండా ఉంటుందా అన్నది ఒకటి. వచ్చినవాడికి మచ్చలు తగ్గుతాయా అన్నది ఇంకొకటి. మచ్చల సంగతి ఎలా ఉన్నా, ఆ జబ్బున్న మనిషి గుండెకూ కీళ్ళకూ మేలు జరుగుతుందా అన్నది మూడోది. మూడింటికీ జవాబులు ఒకటి కావు.

ముందు జబ్బు సంగతి. మామూలుగా చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట అదే పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పైపొర రాలకముందే కింద నుంచి కొత్త పొర తోసుకొస్తుంది. అందుకే ఆ దళసరి ఎర్రమచ్చ, దాని మీద వెండి రంగు పొట్టు. చర్మాన్ని ఇంత తొందరపెట్టేది మన రోగనిరోధక వ్యవస్థే. లేని శత్రువును ఊహించుకుని టి కణాలనే తెల్ల రక్తకణాలూ, వాటిని రెచ్చగొట్టే తోటి రక్షక కణాలూ యుద్ధానికి దిగుతాయి, ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-23, టీఎన్ఎఫ్ అనే రసాయన సంకేతాలను వెదజల్లుతాయి. ఇప్పుడొస్తున్న ఖరీదైన ఇంజెక్షన్లలో చాలావరకు ఈ సంకేతాల్లో ఏదో ఒకదాన్ని అడ్డుకునేవే. యుద్ధం చర్మం మీద కనబడుతుంది కానీ మంట, అంటే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది, ఒళ్ళంతా ఉంటుంది. వ్యాయామానికి ఈ కథలో చోటు దొరికేది ఇక్కడే.

పొట్ట కొవ్వు ఊరికే కూర్చునే సరుకు కాదు. అది కూడా టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అసలే రగులుతున్న ఒంటికి ఇది నిత్యం పోసే కిరసనాయిలు. లావు వల్ల సోరియాసిస్ వస్తుందా, సోరియాసిస్ వల్ల మనిషి కదలక లావవుతాడా అన్నది చాలాకాలం తేలని తగువు. 2019లో బ్రిటన్, నార్వేల్లోని లక్షలమంది జన్యు సమాచారం తీసుకుని దీన్ని విడదీసి చూశారు. పుట్టుకతోనే బరువు పెరిగే జన్యు లక్షణాలున్నవాళ్ళకు సోరియాసిస్ ముప్పు ఎక్కువని తేలింది. ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ ఒక్క పాయింటు పెరిగితే ముప్పు దాదాపు 9 శాతం పెరుగుతుందని లెక్క. సోరియాసిస్ జన్యువుల వల్ల బరువు పెరుగుతుందనడానికి మాత్రం పెద్దగా ఆధారం దొరకలేదు. మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కిస్తారు, మగవాళ్ళ నడుం కొలత 90 సెంటీమీటర్లు దాటితే పొట్ట ఉన్నట్టే. "నేను లావు కాదు, కొంచెం పొట్ట, అంతే" అనే మనవాళ్ళంతా ఈ లెక్కలోకే వస్తారు. నేనూ వచ్చాను.

ఇక్కడో తమాషా ఉంది. పనిచేసే కండరం కూడా ఇంటర్‌ల్యూకిన్-6 నే విడుదల చేస్తుంది. మరి అది చెడ్డదన్నారుగా అంటే, తేడా అంతా వచ్చే తీరులో ఉంది. కొవ్వు నుంచి వచ్చేది రాత్రంతా బొట్టుబొట్టుగా కారే కుళాయి. గోడ చెమ్మగిల్లిపోతుంది. కండరం నుంచి వచ్చేది రోజు విడిచి రోజు గంటసేపు వచ్చే మంజీరా నీళ్ళు. ఒక్క ఊపున వచ్చి ఆగిపోతుంది. పైగా ఆ ఊపు వెనకాలే మంటను చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 లాంటివి పెరుగుతాయి. ఒకే పదార్థం, ఒకచోట అగ్గిపుల్ల, ఇంకోచోట దాదాపు నీళ్ళ బకెట్టు.

సరే, మొదటి ప్రశ్న. అమెరికాలో నర్సుల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి నమోదు చేసే పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులోని 86,655 మంది మహిళలను 14 ఏళ్ళపాటు గమనిస్తే 1,026 మందికి కొత్తగా సోరియాసిస్ వచ్చింది. అందరికంటే గట్టిగా కసరత్తు చేసే వర్గంలో, బరువు తేడాను లెక్కలోంచి తీసేశాక కూడా, ముప్పు దాదాపు నాలుగో వంతు తక్కువగా ఉంది. 2012లో ఇది అచ్చయినప్పుడు చాలామంది తలకెక్కించుకున్నది ఇంతవరకే. నన్ను ఆపింది దాని పక్కనున్న ఇంకో మాట: మామూలు నడకకూ ముప్పు తగ్గడానికీ సంబంధం కనబడలేదు. పరుగు, ఏరోబిక్స్ లాంటి ఆయాసం తెప్పించేవాటికే కనబడింది. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ కబుర్లు చెప్పుకుంటూ వేసే రౌండు అందులోకి రాదన్నమాట.

అలాగని ఆ రౌండు మానెయ్యక్కర్లేదు. అది ఆరోగ్యంగా ఉన్న మహిళల్లో జబ్బు కొత్తగా రావడం గురించిన లెక్క. వచ్చేసిన మనిషికి నడక పనికిరాదని అందులో ఎక్కడా లేదు. పైగా వరసగా పరుగెత్తగలిగే మనిషికి ఇంకా చాలా విషయాలు అనుకూలంగా ఉంటాయి, అవన్నీ లెక్కలోకి వచ్చాయని ఎవరూ ప్రమాణం చేయలేరు. గమనించి రాసుకున్న అధ్యయనానికి ఉండే పరిమితే ఇది.

రెండో ప్రశ్నకు ఇటలీ నుంచి మెరుగైన ఆధారం ఉంది. అధిక బరువున్న 303 మంది సోరియాసిస్ రోగులను తీసుకున్నారు. మందులు మొదలుపెట్టి నాలుగు వారాలైనా చర్మం పూర్తిగా శుభ్రపడనివాళ్ళు. సగంమందికి 20 వారాలపాటు తిండి ప్రణాళిక, వ్యాయామం పెట్టారు. మిగతా సగానికి బరువు తగ్గితే మంచిదని సలహా చెప్పి ఊరుకున్నారు, మన డాక్టరుగారి చీటీ లాగే. ఎరుపు, దళసరి, పొట్టు, ఒంటి మీద ఎంత మేర పాకింది అన్నవన్నీ కలిపి వేసే పాసీ అనే స్కోరు మొదటి గుంపులో 48 శాతం తగ్గింది, రెండో గుంపులో 25.5 శాతం. అంటే మందుల మీద అదనంగా వచ్చిన లాభం ఇది. మందులు మానేసి వచ్చింది కాదు. యూట్యూబ్ వీడియోలు మింగేసే ముక్క సరిగ్గా ఇదే. ఇంకో మాట, ఇందులో తిండి ఎంత పనిచేసింది, కసరత్తు ఎంత పనిచేసింది అని విడదీయలేం. నా అంచనా అడిగితే బరువు తగ్గడంలో కంచానిదే పెద్ద వాటా, కసరత్తుది తగ్గింది మళ్ళీ పెరగకుండా పట్టి ఉంచే వాటా. సన్నగా ఉండి సోరియాసిస్ ఉన్నవాళ్ళు పరుగెత్తితే మచ్చలు పోతాయని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇప్పటిదాకా వ్యాయామం జబ్బును ఏం చేస్తుందన్న ఒకవైపే చూశాం. రెండోవైపు కూడా ఉంది, ఎక్కువమందిని కట్టిపడేసేది అదే. సోరియాసిస్ ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువ కదులుతారని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. బద్ధకం అనుకుంటే పొరపాటు.

మే నెలలో పొద్దున ఆరింటికే ఇందిరా పార్కులో ఉక్కపోస్తుంటుంది. అందరూ చేతుల్లేని బనియన్లూ నిక్కర్లూ వేసుకున్నచోట ఒకాయన మణికట్టు దాకా గుండీలు పెట్టిన ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, మేజోళ్ళతో నడుస్తుంటాడు. ఆయన కాలరు వెనక, జుట్టు మొదలయ్యే చోట ఎర్రటి అంచు చూసి నాకు అర్థమైంది. పలకరించలేదు. పలకరిస్తే మర్నాటి నుంచి టైము మార్చుకుంటాడు, నేనైతే అదే చేసేవాణ్ణి. నలభై డిగ్రీల ఊళ్ళో చొక్కా కింద చెమట నిలిచి, ఉప్పు పగుళ్ళలో దిగి, దురద పెట్టి, నాలుగు రోజులకు ఆయన నడకే మానేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "చూశావా, చెమట నీ ఒంటికి సరిపడదు" అంటారు.

ఈత సంగతి ఇంకా దారుణం. ఊళ్ళో ఒక ఈతకొలను గేటు దగ్గర "చర్మవ్యాధులు ఉన్నవారికి ప్రవేశం లేదు" అని బోర్డు ఉంటుంది. అంటువ్యాధులకు అది సబబే. నా మోకాళ్ళు చూసి అక్కడి మనిషి, "సార్, మీది అంటదని నాకు ఎరుకే, మిగతావాళ్ళు కంప్లైంట్ చేస్తరు" అన్నాడు. కసురుకుని ఉంటే పోట్లాడేవాణ్ణి. మర్యాదగా అన్నాడు, ఏం చేస్తాం, మూడు నెలల ఫీజు కట్టకుండానే బయటికొచ్చాను. కీళ్ళ మీద బరువు పడని ఈత ఈ జబ్బుకు బాగా సరిపోయే వ్యాయామాల్లో ఒకటి. తలుపు మూసుకున్నదీ దానికే.

సిగ్గు కాకుండా అసలైన శారీరక కారణం ఒకటుంది, దాన్ని మన జిమ్ ట్రైనర్లందరూ తెలుసుకోవాలి. 1872లో హైన్రిక్ కోబ్నర్ అనే జర్మన్ చర్మవైద్యుడు ఒక వింత చెప్పాడు. సోరియాసిస్ ఉన్న మనిషికి గుర్రం కరిచిన చోట, పచ్చబొట్టు పొడిచిన చోట, గీరుకున్న చోట, అంతకుముందు మామూలుగా ఉన్న చర్మం మీద కొత్త మచ్చలు లేచాయి. అప్పటి నుంచి దీన్ని కోబ్నర్ లక్షణం అంటున్నారు. నలుగురిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. గాయమైన వెంటనే రాదు, పది పదిహేను రోజులు తీసుకుంటుంది. అందుకే మనవాళ్ళు రెండింటినీ కలిపి చూడరు. పరేడ్ గ్రౌండ్స్‌లో క్రికెట్ ఆడుతూ నేను మోకాలి కింద గీసుకున్నాను. చెక్కు కట్టి ఊడింది, అయిపోయిందనుకున్నాను. రెండు వారాలకు అదే చోట, అదే పొడుగున, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు ఎర్రటి గీత, దాని మీద పొట్టు. ఆ ఆదివారం తిన్న వంకాయ కూరను నెలరోజులు నిందించాం, పాపం దాని తప్పేమీ లేదు.

కాబట్టి ఏ వ్యాయామం అన్నదానికంటే చర్మాన్ని ఎక్కడ ఏది ఒరుస్తోంది అన్నది చూసుకోవాలి. మోకాలి కింద కాలి ముందు భాగాన్ని గీరే ఇనుప కడ్డీ, తొడల మధ్య రాసుకునే సైకిల్ సీటు, నడుం చుట్టూ బిగిసే ఎలాస్టిక్, మడమ మీద కొరికే కొత్త బూటు, భుజాన్ని కోసే బ్యాగు పట్టీ. పొడుగాటి మేజోళ్ళు, కుట్లు లోపల గుచ్చుకోని వదులు బట్టలు, నేల మీద మోచేతులు ఆనించే ముందు మెత్తటి తువ్వాలు, ఇంతే ఖర్చు. బయల్దేరే ముందు ఒరిసే చోట్ల పలచగా వాసెలిన్ రాసుకుంటే చెమట ఉప్పు నేరుగా పగుళ్ళలోకి దిగదు. తిరిగొచ్చాక గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి ఆరకముందే మళ్ళీ మాయిశ్చరైజర్. చంకలు, గజ్జలు లాంటి మడతల్లో సోరియాసిస్ ఉన్నవాళ్ళకు తడి నిలవకుండా చూసుకోవడమే సగం వైద్యం. అరికాళ్ళలో పగుళ్ళున్నవాళ్ళు ఆ వారం నడక మానేసి సైకిలు తొక్కడం మేలు.

చెమట తనంతట తాను శత్రువు కాదు. విషాలను బయటికి తోసే మందూ కాదు. అది నీళ్ళూ ఉప్పూ, ఒంటిని చల్లబరచడానికి వచ్చింది, పని అయిపోయాక కడిగేస్తే సరి. హైదరాబాద్‌లో నాకు మే నెలకంటే డిసెంబరే కష్టం. గాలి పొడిగా ఉండి చర్మం బిగుసుకుపోతుంది, నడిచేటప్పుడు మోకాలి వెనక మచ్చ చిట్లుతుంది. ఎండ గురించి కూడా సగం నిజమే ప్రచారంలో ఉంది. ఆసుపత్రుల్లో 311 నానోమీటర్ల దగ్గరి యువీబీ అనే అతినీలలోహిత కాంతితో సోరియాసిస్‌కు చికిత్స చేస్తారు, కాబట్టి ఎండ మంచిదే అంటారు. కానీ పొద్దున ఆరింటి ఎండలో యువీబీ చాలా తక్కువ. మధ్యాహ్నం ఎండలో ఉంటుంది, చర్మం కమిలితే మాత్రం కోబ్నర్ చెప్పిందే మళ్ళీ జరుగుతుంది. ఎసిట్రెటిన్ లాంటి మందులు వాడేవాళ్ళు, సోరాలెన్ వేసుకుని లైట్ చికిత్స చేయించుకునేవాళ్ళు ఎండ సంగతి డాక్టరును అడగకుండా మైదానంలోకి దిగకూడదు.

ఇక కీళ్ళు. సోరియాసిస్ ఉన్న నూరుమందిలో ముప్ఫైమందికి దాకా సోరియాటిక్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాపు జబ్బు రావచ్చు, చాలామందిలో చర్మం మీద మచ్చలు వచ్చిన కొన్నేళ్ళకు. ఇది చాలాసార్లు కీలులో కంటే, స్నాయువు ఎముకకు అతుక్కునే చోట మొదలవుతుంది. అందుకే మడమ నొప్పి. మనవాళ్ళు వాకింగ్ ఎక్కువైందనో, కాల్షియం తగ్గిందనో, బూట్లు బాగాలేవనో అనుకుంటారు. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తుంది. వాడకం వల్ల వచ్చిన నొప్పి విశ్రాంతితో తగ్గి, పనితో పెరుగుతుంది. మంట వల్ల వచ్చిన నొప్పి తద్విరుద్ధం. పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, తిరిగేకొద్దీ సడలుతుంది. దానికి తోడు గోళ్ళ మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు, ఒక వేలు మొత్తం లావుగా ఉబ్బడం ఉంటే కీళ్ళవాపు జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే. రక్తపరీక్షలో రుమటాయిడ్ కీళ్ళవాతానికి చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందని ధీమా పడొద్దు, ఈ జబ్బులో అది సాధారణంగా నెగటివే వస్తుంది.

అలాంటి కీళ్ళతో గట్టి కసరత్తు చేయొచ్చా? నార్వేలో 67 మంది సోరియాటిక్ ఆర్థరైటిస్ రోగుల మీద 11 వారాలపాటు పరీక్షించారు. ఒక గుంపు నాలుగు నిమిషాలు గట్టిగా, కాసేపు మెల్లగా, మళ్ళీ నాలుగు నిమిషాలు గట్టిగా సైకిలు తొక్కింది. జబ్బు ముదరలేదు, పైగా అలసట తగ్గింది. ఈ జబ్బున్నవాళ్ళను నొప్పికంటే ఎక్కువగా కుంగదీసేది అలసటే కాబట్టి దీన్ని చిన్న లాభంగా తీసేయలేను. కీలు వాచి ఎర్రగా ఉన్న రోజుల్లో మాత్రం దానికి విశ్రాంతి ఇవ్వాలి, మిగతా ఒళ్ళు కదిలించుకోవచ్చు. ఒళ్ళంతా ఎర్రబడి చలిజ్వరం వచ్చినా, చీముపొక్కులు లేచినా జిమ్ మాట మరిచి ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ స్థితిలో చర్మం ఒంటి వేడిని అదుపు చేయలేదు.

మూడో ప్రశ్నకు జవాబు అన్నిటికంటే సూటిగా ఉంది, కానీ చర్మం చూసుకునే హడావుడిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. బ్రిటన్ రోగుల రికార్డులను పరిశీలించి 2006లో వెలువరించిన అధ్యయనంలో, 30 ఏళ్ళ వయసులో తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవారికి గుండెపోటు ముప్పు మామూలువాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. ముప్ఫై ఏళ్ళవాడికి గుండెపోటు అసలే అరుదు కాబట్టి మూడు రెట్లన్నా చిన్న సంఖ్యే. అయినా వాడు అరవై దాకా బతకాలిగా. షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్ కూడా ఈ జబ్బు వెంట తిరిగే చుట్టాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పే వారానికి 150 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ, మనకు మచ్చల కోసం కాకపోయినా దీనికోసం కావాలి. ఇక్కడ కేబీఆర్ పార్కు రౌండు నిక్షేపంగా పనికొస్తుంది, కబుర్లు తగ్గించి వేగం పెంచితే.

నా విషయానికొస్తే, వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెతోట్రెక్సేట్‌ను మా ఇంట్లో ఆదివారం మాత్ర అంటాం. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టింది మా ఆవిడ. సోమవారం నాకు ఒళ్ళు తూలినట్టు ఉంటుంది, ఆరోజు జిమ్ లేదు. మంగళవారానికీ శనివారానికీ మధ్య ఏవో నాలుగు రోజులు, అందులో రెండు రోజులు ఆయాసం వచ్చేదాకా. రెండేళ్ళలో తొమ్మిది కిలోలు తగ్గాను. వీపు మీద మచ్చలు పోయాయి, మోకాళ్ళవి పలచబడ్డాయి. మోచేతులవి అలాగే ఉన్నాయి. మందు వల్ల ఎంత, కిలోల వల్ల ఎంత అని డాక్టరును అడిగితే నవ్వి, "రెండూ కానివ్వండి" అన్నారు.

ట్రైనర్ కుర్రాడు ఇప్పుడు నేను రాగానే బెంచి మీద పాత తువ్వాలు పరుస్తాడు. నల్లదే. తెల్లది తెమ్మని రెండుసార్లు చెప్పాను.